రాష్ట్రపతి వోటు: పక్షాభిమానము, న్యాయపీఠము

(కరీంనగరమున నొక పఠనమందిర సభయందు చేసిన ఉపన్యాసము)



నేటి విషయము నేను కోరి తెచ్చుకొన్నది కాదు. మా వీధిలో నొక పెద్దమనిషి కలడు. ఆయన కుమారుడు అమెరికాలో స్థిరపడి, ఆ దేశపు పౌరసత్వము పుచ్చుకొని, అక్కడి యధ్యక్షుని యెన్నికలో వోటు వేయుచున్నాడు. ఆ బిడ్డ తండ్రితో టెలిఫోనులో తన చిక్కు చెప్పుకొన్నాడట. తనకు నచ్చిన పక్షము నిలిపిన మనిషి తనకు నచ్చడు. కాని ఆ మనిషి గెలిచినచో తాను మెచ్చు న్యాయమూర్తులు సుప్రీంకోర్టు చేరుదురు. ఓడినచో ఎదుటిపక్షము మెచ్చువారు చేరుదురు. మనిషిని చూడవలెనా, పక్షమును చూడవలెనా, న్యాయపీఠమును చూడవలెనా? తండ్రి వచ్చి నన్నడిగెను: “వకీలు సాబ్, మీరేమంటరు?”

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. మన దేశమున రాష్ట్రపతి యెన్నికలో ఇట్టి ప్రశ్నయే వచ్చినపుడు మనవారేమి చేసిరో చూచుకొనినగాని ఆ బిడ్డకు సలహా చెప్పు నర్హత మనకు లేదని తోచినది.

రాష్ట్రపతికి వోటు వేయునది మనము కాదు గదా యని మీలో కొందరనుకొనుచుందురు. నిజమే. కాని లెక్కకు వచ్చునవి మన తలలే. 2022లో జరిగిన యెన్నికలో తెలంగాణ శాసనసభ్యుని యొక్క వోటు విలువ 132. ఈ యంకె యెట్లు వచ్చినదనగా, 1971 జనాభా లెక్కలో ఈ ప్రాంతమున నున్న జనమును 119 స్థానములచేత భాగించి, మరల వేయిచేత భాగించిరి. ఆ లెక్కలో మీ తాతయు నా తల్లియు నున్నారు. ఇప్పటి పిల్లలు మాత్రము లేరు. పాత కరీంనగరము జిల్లాకు స్థానములు 13, పాత ఆదిలాబాదుకు 10. ఇరువదిమూడింటికి కలిపి 3,036. పార్లమెంటు సభ్యుని వోటు విలువ ఆ యేట 700. కరీంనగరము, పెద్దపల్లి, ఆదిలాబాదు స్థానములు మూడింటికి 2,100. అన్నియు కూడగా 5,136. దేశపు మొత్తములో ఇది స్వల్పమే, కాని గోదావరికి ఇరుప్రక్కల నున్న మన జనమంతయు ఆ 5,136లో నున్నది.

రాష్ట్రపతికిని న్యాయమూర్తికిని నడుమ నున్న సంబంధమేమి? సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల నియామకపు పత్రముపైని రాష్ట్రపతి సంతకము, ముద్ర ఉండవలెను. రాజ్యాంగపు 124, 217 అధికరణములు అట్లు విధించుచున్నవి. ఇది మన ప్రాంతమువారికి పుస్తకములోని మాట కాదు. నిజాము రాజ్యమున 1921 ప్రాంతమున న్యాయశాఖను పరిపాలననుండి వేరుపరచిరని చరిత్రకారులు మెచ్చుకొందురు, మెచ్చుకొనదగినదే. కాని పల్లెలో జరిగినది వేరు. దొర గడిలోనే ఫిర్యాదు, గడిలోనే విచారణ, గడిలోనే జుల్మానా. ఫిర్యాదు దొరమీదనే యైనచో వినువాడెవడు? న్యాయాధికారిని నియమించు చేయి ఎవరిదో, ఆ చేతికి మరియెవరు కాపలాయో, మన తాతలకు రాజ్యాంగము రాకమునుపే తెలియును.

ఇక మన చరిత్ర. రాజమహేంద్రవరమున పుట్టిన కోకా సుబ్బారావుగారు 1966 జూనులో భారత ప్రధాన న్యాయమూర్తి యైరి. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను సవరణచేత తగ్గించు నధికారము పార్లమెంటుకు లేదని ఆయన యధ్యక్షతన ధర్మాసనము ఆరుగురు ఐదుగురిగా చీలి తీర్పు చెప్పినది. ఏప్రిల్ 11న ఆయన పదవి విడిచి ప్రతిపక్షముల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీచేసెను. మే నెలలో వోట్లు లెక్కింపగా జాకీర్ హుసేనుగారికి 4,71,244, సుబ్బారావుగారికి 3,63,971 వచ్చినవి.

సుబ్బారావుగారు పండితులు, నిర్భయులు. ఆయన తీర్పులు చదివి నేను వకాలతు నేర్చుకొంటిని. అయినను ఆ పని నేను మెచ్చను. నిన్న తీర్పు చెప్పినవాడు నేడు అభ్యర్థి యైనచో ఆ తీర్పు దరఖాస్తువలె కనబడును. దోషము ఆయనది కాకున్నను పీఠమునకు మచ్చ పడును. ఆ యెన్నికలో జాకీర్ హుసేనుగారికి వోటు వేసిన కాంగ్రెసు సభ్యుని పక్షబానిస యని నిందించుటకు నాకు నోరు రాదు.

1969 కథ వేరు. ఆ యేడు మనకు వేరుకారణమున మరపురానిది. తెలంగాణమంతయు ఉద్యమముతో ఉడికిపోవుచుండెను. మే 3న జాకీర్ హుసేనుగారు మరణించిరి. ఉపరాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరిగారు ఆ పని చూచుచు, జూలై 19న పదునాలుగు బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై సంతకము చేసి, మరునాడు రాజీనామా యిచ్చి, స్వతంత్రుడుగా నిలిచెను. కాంగ్రెసు నిలిపినది నీలం సంజీవరెడ్డిగారిని. ఆయన నామపత్రముపై సంతకము చేసిన ప్రధాని ఇందిరాగాంధీయే, తన పక్షమువారికి ఆయనకే వోటు వేయుడని చెప్పలేదు. అంతరాత్మ చెప్పినట్లు వేయుడనెను. ఇరువురును తెలుగువారే గనుక భాషాభిమానమునకు అక్కడ పని లేకపోయినది. మూడవవాడు దేశముఖ్‌గారు.

మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశముఖ్‌గారికి 1,12,769. గెలువవలసిన సంఖ్య 4,18,169. ఎవరికిని రాలేదు. రెండవ ప్రాధాన్యములు కలుపగా తుదకు గిరిగారు 4,20,077, రెడ్డిగారు 4,05,427. భేదము 14,650. నాడు ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుని వోటు విలువ 125. ఆ సభనుండి గిరిగారికి పడిన వోట్లలో 59 ఇటు మరలియుండినచో దేశమునకు రాష్ట్రపతి మారియుండును. మంథని శాసనసభ్యుడుగా పి. వి. నరసింహారావుగారును నాడు వోటరే. వోటు రహస్యము గనుక ఎవరిది ఎటు పడినదో ఆ పెట్టెకే ఎరుక.

అంతరాత్మ గెలిచినదని నాడు చాలమంది సంతోషించిరి. ఆ తరువాత నాలుగేండ్ల కథను తేదీల వరుసగా చూడుడు. 1970 ఫిబ్రవరి 10న బ్యాంకుల చట్టము చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. పదునొకండుగురిలో పదుగురొక ప్రక్క, ఒక్కడు వేరొక ప్రక్క. ఆ యొక్కడు అజితనాథ రే. అదే సంవత్సరము సంస్థానాధీశుల గుర్తింపును రద్దుచేయుచు గిరిగారు ఉత్తరువిచ్చిరి. డిసెంబరు 15న దానిని కోర్టు కొట్టివేసినది. భిన్నాభిప్రాయము వ్రాసినవారిలో రే మరల నుండెను. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు వచ్చినది. పదుముగ్గురిలో ఏడుగురు రాజ్యాంగపు మూలస్వరూపమును పార్లమెంటు చెరుపరాదనిరి. ఆ యేడుగురిలో మన హైదరాబాదు హైకోర్టునుండి పోయిన పి. జగన్మోహనరెడ్డిగారొకరు. రే ఆ యేడుగురిలో లేడు. మరునాడే షేలత్, హెగ్డే, గ్రోవర్ అను మువ్వురు పెద్దలను దాటించి రేను ప్రధాన న్యాయమూర్తిగా నియమించిరి. మువ్వురును రాజీనామా చేసిరి. నియామకపత్రముపై సంతకము వి. వి. గిరిగారిది.

గిరిగారిని దుష్టుడని నేననుట లేదు. కార్మికులకొరకు జీవితము ధారపోసినవాడు. తన యెన్నికపై వ్యాజ్యము పడినపుడు రాష్ట్రపతి పదవిలో నుండియే సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చినవాడు. మంత్రివర్గము చెప్పినట్లు సంతకము చేయుట ధర్మమని ఆయన నమ్మియుండవచ్చును. సంజీవరెడ్డిగారు ఆ పీఠముపై నుండినచో నిరాకరించెడివారని ప్రమాణము చేయుటకును నేను సిద్ధముగా లేను. నేననునది ఒక్కటే. 1969లో అంతరాత్మ యని పిలువబడినది పక్షాభిమానమునకు విరుగుడు కాదు. ఒక కూటమిపై అభిమానమును విడిచి వేరొక కూటమిపై పెట్టుకొనుట. బ్యాంకులను, సిండికేటును, ఇందిరాగాంధీని తూచినవారు చాలమంది; రేపు న్యాయమూర్తుల ఫైలు ఆ బల్లమీదికి వచ్చినపుడు ఈ చేయి ఏమి చేయునని తూచినవారు అరుదు. నాడు రాజ్యాంగమున రాష్ట్రపతి మంత్రివర్గపు సలహాకు తప్పక కట్టుబడవలెనను స్పష్టమైన వాక్యము లేదు. ఆ వాక్యము 1976లో వచ్చినది. తనకు అవసరమని తోచిన న్యాయమూర్తులను సంప్రదింపవచ్చునని 124వ అధికరణము చెప్పుచునే యుండెను. అడుగుటకు దారి యుండెను.

ఇంతవరకు తప్పు శాసనసభ్యులదని తలయూపితిరి. మనవంతు ఇపుడు వచ్చుచున్నది.

1976 ఏప్రిల్ 28న, అత్యవసరస్థితిలో నిర్బంధింపబడినవానికి కోర్టుకెక్కు హక్కు లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినపుడు, ఉన్నదని వ్రాసినవాడు హెచ్. ఆర్. ఖన్నా యొక్కడే. 1977 జనవరిలో ఆయనను దాటించి బేగ్‌గారిని ప్రధాన న్యాయమూర్తిని చేసిరి. ఖన్నా రాజీనామా ఇచ్చెను. రెండు నెలలైనను కాకమునుపే సార్వత్రిక యెన్నికలు వచ్చినవి. ఉత్తరదేశము ఆ ప్రభుత్వమును కూలద్రోసెను. మనమేమి చేసితిమి? ఆంధ్రప్రదేశమున 42 స్థానములలో 41 కాంగ్రెసునకే యిచ్చితిమి. మన కరీంనగరము, పెద్దపల్లి, ఆదిలాబాదు ఆ నలుబదియొకటిలోనివే. మిగిలిన యొక్క స్థానము నంద్యాల. అక్కడ గెలిచినవాడు 1969లో ఓడిన సంజీవరెడ్డిగారే. ఆయన ఆ యేడే లోక్‌సభ స్పీకరై, జూలైలో పోటీలేకుండ రాష్ట్రపతి యైరి. ఆయన విడిచిన స్పీకరు కుర్చీలో కూర్చున్నది ఎవరనుకొన్నారు? 1973లో దాటించిన మువ్వురిలోని హెగ్డే.

నాడు కాంగ్రెసునకు వోటు వేసినవారిలో నేనొకడను. అప్పటికి నల్లకోటు తొడిగి కొలదికాలమే యైనది. ఖన్నాగారి తీర్పు చదివి కంటతడి పెట్టినవాడను, వోటు వేయునపుడు దానిని తలపలేదు. ఎందుకనగా మా యింట ఆ పక్షమే, మా వీధిలో ఆ పక్షమే. ఈ సంగతి ఇంతవరకు ఏ సభలోను చెప్పలేదు.

1982లో ఆ ఖన్నాగారే ప్రతిపక్షముల తరఫున రాష్ట్రపతి పదవికి నిలిచిరి. ఆయనకు వచ్చినవి 2,82,685, జైల్‌సింగ్‌గారికి 7,54,113. నాటికి ఖన్నాగారు పీఠము విడిచి ఐదేండ్లు దాటినవి గనుక సుబ్బారావుగారిపై నేను చెప్పిన యాక్షేపణ ఇక్కడ నిలువదు. పక్షమే లెక్క పెట్టినది, పక్షమే గెలిచినది.

రాష్ట్రపతి రబ్బరు ముద్ర గదా, ఎవరైననేమి యని మీరడుగవచ్చును. ఇది బలమైన ప్రశ్న, త్రోసివేయదగినది కాదు. 1976 సవరణ ఆయనను మంత్రివర్గపు సలహాకు కట్టివేసినది. కాని 1978లో 44వ సవరణ కట్టును కొంచెము సడలించినది: సలహాను పునరాలోచనకై ఒకమారు త్రిప్పి పంపవచ్చును, రెండవమారు వచ్చినచో అంగీకరింపవలెను. ఈ ‘ఒకమారు’ చిన్నదని తోచును. 1997లో ఉత్తరప్రదేశమున రాష్ట్రపతి పాలన పెట్టుడని కేంద్రమంత్రివర్గము పంపిన సలహాను కె. ఆర్. నారాయణన్‌గారు త్రిప్పి పంపిరి. మంత్రివర్గము వెనుకకు తగ్గినది. సుప్రీంకోర్టు నియామకముల ఫైలుపై ఆయనయే, షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని, స్త్రీలను తగురీతి పరిగణింపవలెనని వ్రాసినట్లు 1999 మొదట పత్రికలలో వచ్చి పెద్ద చర్చ జరిగినది. ఎవరిని నియమింపుడని ఆయన పేరు వ్రాయలేదు, అడుగవలసినది అడిగెను. అడుగు కలము వేరు, అడుగని కలము వేరు.

మరియొక సంగతి. 1993 అక్టోబరు 6 తీర్పుతో, 1998 అభిప్రాయముతో, న్యాయమూర్తులను ఎంచు పని ముఖ్యముగా న్యాయమూర్తుల కొలీజియము చేతికి పోయినది. దానిని మార్చుటకు పార్లమెంటు నియామకముల కమిషను తెచ్చెను. 2015 అక్టోబరు 16న కోర్టు దానిని కొట్టివేసెను. నేటికిని కొలీజియమే. కొలీజియము గదిలోని మాట బయటికి రాదు. ఏ పేరు ఎందుకు పోయినదో, ఎందుకు ఆగినదో ప్రజకు తెలియదు. కొలీజియము తిరిగి పంపిన పేరును సైతము ప్రభుత్వము నెలల తరబడి పట్టి యుంచుటయు మనము చూచినదే. కావున నేటి ప్రమాదము 1973 నాటి ప్రమాదము కాదు. నాడు మరునాడే సంతకము పడెను. నేడు సంతకమునకు ఫైలే రాదు. రాని ఫైలును ‘ఏమైన’దని మంత్రిని పిలిచి యడుగగల రాష్ట్రపతి కావలెను.

ఇటీవలి సంగతి ఒకటి చెప్పక తప్పదు. అది ఉపరాష్ట్రపతి యెన్నిక; శాసనసభ్యులకు అందు వోటు లేదు, పార్లమెంటు సభ్యులకే. అయినను న్యాయపీఠముతో సంబంధము లేకపోలేదు. న్యాయమూర్తిని తొలగింపవలెనని రాజ్యసభ సభ్యులు నోటీసు ఇచ్చినచో దానిని స్వీకరించుటయో త్రోసివేయుటయో ఆ సభాధ్యక్షుని పని. 2018 ఏప్రిల్‌లో ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రాపై వచ్చిన నోటీసును త్రోసివేసినది మన నెల్లూరివాడైన వెంకయ్యనాయుడుగారే. 2025 సెప్టెంబరు 9న జరిగిన ఆ పదవి యెన్నికలో తెలంగాణమువారైన విశ్రాంత న్యాయమూర్తి బి. సుదర్శన్‌రెడ్డిగారు ప్రతిపక్షముల యభ్యర్థి. సి. పి. రాధాకృష్ణన్‌గారికి 452, సుదర్శన్‌రెడ్డిగారికి 300 వచ్చినవి. తెలుగువాడని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిగారు విన్నపము చేసిరి. తెలుగుదేశము, జనసేన, వై.ఎస్.ఆర్. కాంగ్రెసు రాధాకృష్ణన్‌గారి ప్రక్కనే నిలిచినవి. భారత రాష్ట్ర సమితి వోటే వేయలేదు.

తెలుగువాడు గనుక వేయవలెననుట నాకు సమ్మతము కాదు. 1969లో ఇద్దరు తెలుగువారిలో ఎవరికి వేయవలెనో ఆ సూత్రము చెప్పలేకపోయినది. నన్ను కలచినది వేరు. 2011 జూలైలో సుదర్శన్‌రెడ్డిగారును నిజ్జర్‌గారును కూడి, ఛత్తీస్‌గఢమున గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా నక్సలైట్లపైకి పంపుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పిరి. పదునాలుగేండ్ల తరువాత ఆ తీర్పే అభ్యర్థిపై నేరముగా మోపబడినది. అది నక్సలిజమునకు తోడ్పడినదని కేంద్ర హోంమంత్రి అమిత్‌షాగారు విమర్శించిరి. విశ్రాంత న్యాయమూర్తులు కొందరు ఆ విమర్శను ఖండించిరి, మరికొందరు ఆ ఖండనను తప్పుపట్టిరి. అడవిలో తుపాకి యేమి చేయునో ఆదిలాబాదువారికి ఎవరును చెప్పనక్కరలేదు. 1981 ఏప్రిల్ 20 నాటి ఇంద్రవెల్లి మనకు దూరము కాదు. నక్సలైట్ల చేత చచ్చినవారును మన జిల్లాలవారే. ఆ తీర్పు తప్పని ఎవరైన వాదింపవచ్చును. కోర్టులోనే వాదించిన మరింత బాగు. కాని తీర్పునకు ప్రతిఫలముగా పదవియు, తీర్పునకు శిక్షగా ఓటమియు రాజకీయమున వాడుకయైనచో, ఇపుడు పీఠముపై నున్న యువ న్యాయమూర్తి కలము పట్టునపుడు ఏమి తలచును? నాడు వోటు వేయు హక్కుగల మన మూడు లోక్‌సభ స్థానములవారిలో ఇద్దరు భారతీయ జనతా పక్షమువారు, ఒకరు కాంగ్రెసువారు. వారిలో నొక్కరైనను ఈ ప్రశ్నను మన యూరిలో నెత్తిన జాడ లేదు. మనమును అడుగలేదు.

ఇక ఆ అమెరికా బిడ్డకు జవాబు. అక్కడ అధ్యక్షుడే పేరు ప్రతిపాదించును, సెనేటు అంగీకరించును, న్యాయమూర్తి జీవితాంతము కూర్చుండును. 2016 ఫిబ్రవరిలో స్కాలియా మరణింపగా ఒబామా పంపిన గార్లండ్ పేరును సెనేటు విచారింపనే లేదు. అభ్యర్థియైన ట్రంప్ తాను నియమింపదలచిన పేర్ల జాబితానే ప్రకటించెను. గెలిచి, నాలుగేండ్లలో మువ్వురిని నియమించెను. గర్భస్రావపు హక్కుపై ఐదు దశాబ్దముల నాటి తీర్పు 2022 జూన్‌లో పోయినది. అట్టి దేశమున మనిషి నచ్చకున్నను న్యాయపీఠమునకై పక్షమునకు వేయుట అవివేకము కాదు. కాని ఆ బిడ్డ రెండు మాటలు కలిపి చెప్పుచున్నాడు. తగిన న్యాయమూర్తి కావలెననుట ఒకటి, మనవాడైన న్యాయమూర్తి కావలెననుట మరియొకటి. రెండవదే కోరినచో న్యాయపీఠము పేర ఆయన తూచుచున్నదియు పక్షమునే. 1973లో రేను నియమించినవారును తమ భావములు కలవాడు కావలెననియే నియమించిరి. ఈ మాటే ఆయన తండ్రికి చెప్పితిని. కొంచెము కోపగించి వెడలిపోయెను. నేడు ముందువరుసలో కూర్చుండుట చూచి సంతోషించుచున్నాను.

మనకిక్కడ ఆ యెంపికయు లేదు. రాష్ట్రపతి యెన్నికలో పక్షములు విప్ జారీచేయరాదని ఎన్నికల సంఘము చెప్పియున్నది. మన సభ్యుడు తన పక్షమునకు కట్టుబడుటకు చట్టము కారణము కాదు, అలవాటు కారణము. పక్షమాట లెక్కలోనికి రాకూడదని నేననను. పక్షము న్యాయస్థానములయెడల ఇంతవరకు ఎట్లు నడచుకొన్నదో అభ్యర్థి గుణమునకన్న నిశ్చయముగా తెలియును. ఆ లెక్క చూచియే వేయుమనుచున్నాను.

ద్రౌపదీ ముర్ముగారి పదవీకాలము 2027 జూలైలో ముగియవలసి యున్నది. ఈ మందిరపు పెద్దలను అడిగి నేనొక లేఖ వ్రాసి తెచ్చితిని. మన రెండు పాత జిల్లాల శాసనసభ్యులకును, పార్లమెంటు సభ్యులకును అది పోవును. ఎవరికి వేయుదురని అందు అడుగలేదు; అది రహస్యము. వోటు వేయకమునుపు ఈ మందిరమునకు ఒకసారి వచ్చి మూడు సంగతులు చెప్పుడని కోరితిమి: పెద్దలను దాటించి ప్రధాన న్యాయమూర్తిని నియమించు సలహా వచ్చినచో త్రిప్పి పంపగల యభ్యర్థి యెవరని తాము తలచుచున్నారు; పట్టి యుంచిన పేర్ల సంగతి ఆ యభ్యర్థి అడుగునని నమ్ముటకు ఆధారమేమి; న్యాయమూర్తి వెనుక చెప్పిన తీర్పును వోటునకు కారణము చేసికొందురా, కొనరా. లేఖ ఆ మూలనున్న బల్లమీద, పత్రికల ప్రక్కన నున్నది. ఏ పక్షమువారైనను సంతకము చేయవచ్చును. మొదటి సంతకము 1977లో తప్పు చేసినవానిది.